చెమ్మగాలిలో అపో టెలిస్కోపు: డెల్టాలో ఆకాశం చూడటం, ఫొటో తీయటం ఎలా

కోనసీమలోనో, భీమవరం పక్కనో, నరసాపురంలోనో ఉండి లక్షలు పోసి అపో రిఫ్రాక్టర్ టెలిస్కోపు (రంగు దోషం బాగా తగ్గించిన లెన్సుల టెలిస్కోపు) కొంటున్నారంటే ముందు రెండు సంగతులు మనసులో పెట్టుకోండి. చుట్టూ ఏరు, కాలవలు, చేపల చెరువులు, దక్షిణాన సముద్రం. చలికాలం రాత్రి గాలిలో తేమ 90 శాతం దాటడం ఇక్కడ మామూలే. మీరు లెన్సుకు పెట్టిన డబ్బంతా నిలవాలంటే ఆ చెమ్మతో పోరాటం మొదట నేర్చుకోవాలి. రెండోది మన అదృష్టం. డెల్టా 16న్నర, 17 డిగ్రీల అక్షాంశాల దగ్గర ఉంది కాబట్టి దక్షిణాకాశం చాలావరకు మనకు దక్కుతుంది. లండన్‌లో అసలు ఉదయించని ఒమేగా సెంటారీ నక్షత్ర గుచ్ఛం అమలాపురంలో 26 డిగ్రీల ఎత్తుకు వచ్చి నిలబడుతుంది.

ఇక్కడి లెక్కలన్నీ 100 మి.మీ. అపర్చరు (ముందు లెన్సు వెడల్పు), 550 మి.మీ. ఫోకల్ లెంగ్తు (లెన్సు నుంచి బొమ్మ పడే చోటికి దూరం) ఉన్న ట్రిప్లెట్ అపోకి వేసినవి. మీది వేరే సైజైతే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

ఏ గొట్టం, ఏ మౌంట్

కంటితో చూడటమే మీ ఉద్దేశమైతే మంచి ఈడీ డబ్లెట్ (రంగు దోషం తగ్గించే గాజుతో చేసిన రెండు లెన్సులది) చాలు. బరువు తక్కువ, బయటి చల్లదనానికి తొందరగా సర్దుకుంటుంది. కెమెరా పెడతారంటే మూడు లెన్సుల ట్రిప్లెట్ తీసుకోండి. కెమెరా సెన్సరు నీలం, ఊదా కాంతిని మన కంటికన్నా బాగా పట్టుకుంటుంది. డబ్లెట్‌లో కంటికి తెలియని రంగు దోషం ఫొటోలో పెద్ద నక్షత్రాల చుట్టూ నీలి వలయంగా బయటపడుతుంది. కొనేటప్పుడు ఏ గాజు వాడారో అడగండి. ఎఫ్‌పీఎల్-53 గానీ ఫ్లోరైటు గానీ ఉంటే మంచి సరుకు కిందే లెక్క, అయితే గాజు పేరొక్కటే సరిపోదు, లెన్సు అరగదీసిన పనితనం కూడా ముఖ్యమే.

స్కైవాచర్ ఎస్ప్రి 100 ఈ 550 మి.మీ. తరగతిది. తకహాషి ఎఫ్‌ఎస్‌క్యూ-106 ఫోకల్ లెంగ్తు 530 మి.మీ., దాని నాలుగు లెన్సుల అమరికలోనే ఫీల్డు చదునుగా వస్తుంది కాబట్టి వేరే ఫ్లాటెనర్ (ఫొటో అంచుల దాకా నక్షత్రాలు పదునుగా వచ్చేలా చేసే లెన్సు) అక్కర్లేదు. 130 మి.మీ. ట్రిప్లెట్ మీద ఆశపడేవాళ్లకు ఒక మాట: గొట్టమే పది కిలోల పైచిలుకు ఉంటుంది. ఇంటి మీద శాశ్వతంగా దిమ్మె కట్టుకునేవాళ్లకు అది సరే. ఏటిగట్టు దాకా మోసుకెళ్లి బిగించి, తెల్లారి విప్పుకొచ్చేవాళ్లకు 100 మి.మీ. దాటితే ఉత్సాహం నెలలోనే చల్లారిపోతుంది.

మౌంట్ (గొట్టాన్ని మోసి తిప్పే యంత్రం) విషయంలో పొదుపు పనికిరాదు. ఫొటోలకైతే కంపెనీ చెప్పిన మోతబరువులో సగానికి మించి ఎక్కించకండి. గొట్టం, కెమెరా, గైడ్ స్కోపు (ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్ కదలికను సరిచేసే చిన్న టెలిస్కోపు), హీటర్లు కలిపి 9, 10 కిలోలు తేలుతాయి, కాబట్టి 20 కిలోలు మోసే ఈక్వటోరియల్ మౌంట్ (ధ్రువం వైపు వంచిన ఇరుసు మీద ఆకాశంతోపాటు తిరిగేది) కావాలి. అది ఎన్ని డిగ్రీల అక్షాంశం దాకా కిందికి వంగుతుందో తప్పక చూసుకోండి. కొన్ని మౌంట్లు 20 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి, అవి మనకు పనికిరావు.

ఎప్పుడు, ఎక్కడ

తుపాన్ల కాలం వెళ్లాక నవంబరు ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా మన సీజను. సార్వా కోతలయ్యాక గడ్డి తగలబెట్టే రోజుల్లో పొగ కింది ఆకాశాన్ని పాడుచేస్తుంది, తలమీదున్న వాటిని మాత్రమే ఎంచుకోండి. డిసెంబరు, జనవరిల్లో అర్ధరాత్రి దాటాక పొగమంచు దిగుతుంది, కాబట్టి ముఖ్యమైన పని ఒంటిగంటలోపు ముగిసేలా పెట్టుకోండి. మా దృష్టిలో ఫిబ్రవరి, మార్చి నెలలే అన్నిటికన్నా మేలు.

డాబా మీద పెట్టేవాళ్లకు కరెంటు, మెట్లు, భద్రత అన్నీ కలిసొస్తాయి. కానీ ఎండకు కాగిన స్లాబు రాత్రి తొమ్మిది, పది దాకా వేడి వదులుతూనే ఉంటుంది, అప్పటిదాకా నక్షత్రాలు ఉడుకుతున్నట్టు కదులుతాయి. గ్రహాలు చూడాలంటే ఆ తర్వాతే. పిట్టగోడ పక్కన కాకుండా కింద గోడగానీ దూలంగానీ ఉన్న చోట ట్రైపాడ్ నిలపండి, స్లాబు నడుమ మీరు అడుగేసినా ఫొటో కదులుతుంది.

గట్టు మీదికి వెళ్లేవాళ్లు పగలే వెళ్లి స్థలం చూసుకోవాలి, చెరువు యజమానితో మాట్లాడి ఉండాలి. రొయ్యల చెరువుల దగ్గర రాత్రంతా ఎల్‌ఈడీ దీపాలు వెలుగుతాయి, ఏరేటర్లు తుంపర లేపుతాయి, అక్కడికి కనీసం రెండు మూడు వందల మీటర్ల దూరంలో ఉండండి. మన మట్టి మెత్తన. ట్రైపాడ్ కాళ్లు నేరుగా నేలమీద పెడితే గంటలో ఒక కాలు దిగిపోయి ధ్రువ అమరిక (మౌంట్ ఇరుసును ఆకాశ ధ్రువానికి సరిగ్గా గురిపెట్టడం) చెడుతుంది. ఒక్కో కాలి కింద అడుగు చదరపు కాంక్రీటు పలక వేసి, దానిమీద మీరు ఎక్కి తొక్కి, అప్పుడు కాలు పెట్టండి. పాముల భయం ఉన్న నేల, మోకాళ్ల దాకా బూట్లు లేకుండా గట్టెక్కొద్దు. సామాను సర్దేంతవరకు తెల్ల టార్చి, ఆ తర్వాతే ఎర్ర దీపం. ఎర్ర వెలుతురుకు పురుగులు తక్కువ చేరతాయి, లెన్సుకు అదీ మేలే. దోమల మందు స్ప్రే ఇంట్లోనే రాసుకుని చేతులు కడుక్కోండి, అందులోని డీట్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, లెన్సు పూతను పాడుచేస్తుంది. దోమల చుట్ట గొట్టం కింద వెలిగించకండి.

అంతర్వేది, ఓడలరేవు వైపు తీరంలో దక్షిణ దిక్కు అంతా సముద్రమే కాబట్టి ఆ వైపు చీకటి బాగుంటుంది. అయినా ఇసుక మీద పెట్టకండి. ఉప్పు తుంపర లోహాన్నీ పూతనూ తినేస్తుంది. తీరానికి రెండు మూడు కిలోమీటర్లు లోపలికి ఉన్న గట్టు ఏదైనా చూసుకోండి, గాలి సముద్రం మీదనుంచి గట్టిగా వీస్తుంటే ఆ రాత్రి వదిలేయండి.

మంచు పట్టకుండా

గాలి ఎంత చల్లబడితే అందులోని ఆవిరి నీరవుతుందో అదే డ్యూ పాయింట్. దీనికి చేతి లెక్క ఒకటుంది: వందలోంచి తేమ శాతం తీసేసి, వచ్చినదాన్ని 5తో భాగించండి. ఉష్ణోగ్రత 22 డిగ్రీలు, తేమ 85 శాతం అనుకోండి. 15ని 5తో భాగిస్తే 3, అంటే డ్యూ పాయింట్ సుమారు 19. నిర్మలమైన ఆకాశం వైపు తిరిగిన లెన్సు తన వేడిని పైకి వదిలేసి చుట్టూ గాలికన్నా చల్లబడుతుంది. ఆ 3 డిగ్రీలూ దిగడానికి దానికి ఎంతోసేపు పట్టదు. గాలి ఇంకా వెచ్చగానే ఉన్నా లెన్సు తడవడానికి కారణం ఇదే.

మొదటి రక్షణ డ్యూ షీల్డ్, అంటే లెన్సు ముందుకు పొడుచుకొచ్చే తొడుగు. లెన్సు ముందు కనీసం అపర్చరుకు ఒకటిన్నర రెట్లు, అంటే 15 సెంటీమీటర్లు ముందుకు ఉండాలి. చాలా గొట్టాలకు వచ్చేది దీనికన్నా పొట్టి. నల్లటి ఫోమ్ షీటు చుట్టి వెల్క్రోతో బిగించి పొడిగించుకోండి. ఇది ఒక్కటే మన దగ్గర గంటో రెండు గంటలో ఆపుతుంది.

అసలు పని చేసేది హీటర్ పట్టీ. లెన్సు ఉన్న చోట గొట్టం చుట్టూ, డ్యూ షీల్డ్ లోపల చుట్టాలి. షీల్డ్ పైన చుడితే వేడి లెన్సుకు చేరదు. 100 మి.మీ. గొట్టానికి పది వాట్ల అటూ ఇటూ ఉన్న పట్టీ చాలు. టెలిస్కోపు బయట పెట్టిన వెంటనే ఆన్ చేయండి. మంచు పట్టాక ఆన్ చేస్తే ఆరడానికి అరగంట పోతుంది, ఆలోగా రాత్రిలో మంచి భాగం అయిపోతుంది. అలాగని నూరు శాతం మీద పెట్టకండి. మూడు లెన్సులు ఒక్క తీరున వేడెక్కవు, నక్షత్రాలు ఉబ్బినట్టు వస్తాయి. కంట్రోలర్ 40 శాతం దగ్గర మొదలుపెట్టి, తేమ 90 దాటితే 60, 70కి పెంచండి. గైడ్ స్కోపుకూ చిన్న పట్టీ కావాలి. గైడ్ నక్షత్రం మసకబారి గైడింగ్ ఆగిపోయిందంటే పది సార్లలో తొమ్మిది సార్లు అక్కడ మంచు పట్టి ఉంటుంది.

తడిసిన లెన్సును బట్టతో తుడవొద్దు. ధూళి తడిసి ఉంటుంది, తుడుపు గీతలే మిగులుతాయి.

ఇంకో ప్రమాదం చాలామందికి తట్టదు. చలిదేశాల పుస్తకాలు టెలిస్కోపును లోపలికి తెచ్చేటప్పుడు జాగ్రత్త అంటాయి. మన దగ్గర బయటికి తీసుకెళ్లేటప్పుడూ జాగ్రత్తపడాలి. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర ఉన్న లెన్సును ఏప్రిల్ సాయంత్రం డాబా మీద తెరిచారంటే, కూజా చెమర్చినట్టు క్షణాల్లో తడిసిపోతుంది, మూడు లెన్సుల మధ్య కూడా. ఏసీ గదిలో దాచినట్టయితే పెట్టె మూతపెట్టే ఉంచి బయట గంటసేపు వదిలి, గొట్టం బయటి వేడికి వచ్చాక తెరవండి. కారులో ఏసీ వేసుకుని వెళ్లినా ఇదే వరస.

బ్యాటరీ మీద ఆధారపడితే లెక్క సరిచూసుకోండి. మౌంట్‌కు 1 నుంచి 2 ఆంపియర్లు, కెమెరా కూలర్‌కు 2 నుంచి 3, హీటర్లకు 1న్నర, చిన్న కంప్యూటర్‌కు 1. మొత్తం 6 వేసుకుంటే 8 గంటలకు 48 ఆంపియర్ అవర్లు. 12 వోల్టుల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ 60 ఆంపియర్ అవర్లది తీసుకుంటే తెల్లవార్లూ నిలుస్తుంది. సన్న తీగలు వాడితే దారిలోనే వోల్టేజి పడిపోయి, కూలర్ ఆన్ అయినప్పుడల్లా మౌంట్ ఆగిపోతుంది. తీగ 2.5 చదరపు మి.మీ. ఉండాలి. 230 వోల్టుల అడాప్టర్లు నేలమీద పెట్టొద్దు, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి స్టూలు మీద ఉంచండి. ధాన్యం మీద కప్పే బరకం ఒకటి చేతికందేలా ఉండాలి, పొగమంచు హఠాత్తుగా దిగితే మొత్తం కప్పేయొచ్చు.

ధ్రువ అమరిక

మనకు ధ్రువ నక్షత్రం ఉత్తరాన 17 డిగ్రీల లోపే ఉంటుంది. 15 మీటర్ల కొబ్బరిచెట్టు ఉత్తరం వైపు 50 మీటర్లలోపు ఉంటే ధ్రువుడు దాని వెనకే. స్థలం ఎంచేటప్పుడే ఇది చూసుకోండి.

1. ట్రైపాడ్‌ను ఉత్తరానికి తిప్పి లెవెల్ చూడండి. ఫోను కంపాస్ చాలు, మన దగ్గర అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా డిగ్రీకి అటూ ఇటూ మాత్రమే. లోహపు మౌంట్ పక్కన పెట్టి చూస్తే తప్పు చూపిస్తుంది, రెండు అడుగులు వెనక్కి వచ్చి చూడండి.

2. అక్షాంశం 16న్నరకు దించండి. ఒక బోల్టు వదులు చేశాకే రెండోది బిగించాలి. రెండూ బిగువుగా ఉండగా తిప్పితే బోల్టు వంగిపోతుంది.

3. ఇంత తక్కువ అక్షాంశంలో కౌంటర్ వెయిట్ కడ్డీ దాదాపు నిలువుగా కిందికి వేలాడుతుంది, ఉత్తరం కాలికి తగులుతుంది. మోటారు అడ్డుపడి గుర్రుమంటే కారణం ఇదే. మౌంట్ పెగ్ (ట్రైపాడ్ మీద మౌంట్ ఏ దిక్కుకు కూర్చోవాలో నిలిపే మొల) మార్చే వీలుంటే రెండు కాళ్ల నడుమ ఖాళీ ఉత్తరం వైపు వచ్చేలా తిప్పండి. లేకపోతే పియర్ ఎక్స్‌టెన్షన్ (ట్రైపాడ్‌కూ మౌంట్‌కూ నడుమ ఎత్తు పెంచే స్తంభం) కొనక తప్పదు.

4. కెమెరా, హీటర్లు, తీగలు అన్నీ బిగించాకే బ్యాలెన్స్ చూడండి. ముందు డిక్లినేషన్ (ఉత్తర దక్షిణాలుగా తిప్పే ఇరుసు), తర్వాత రైట్ అసెన్షన్ (తూర్పు పడమరలుగా తిప్పేది). తూర్పు వైపు వెంట్రుకవాసి బరువు ఎక్కువ ఉంచితే గేర్లు ఒకదానికొకటి ఆనుకుని సాఫీగా నడుస్తాయి.

5. పోలార్ స్కోపుతో (మౌంట్ ఇరుసులో ఉండే చిన్న దుర్బిణి) ధ్రువుణ్ని పట్టుకోండి. అతడు అసలు ధ్రువానికి సుమారు 0.6 డిగ్రీల దూరంలో తిరుగుతాడు, ఫోను యాప్ ఇచ్చిన గడియారం స్థానంలో పెట్టాలి. ధ్రువుడు కనబడని చోట కెమెరాను నడిపే నీనా సాఫ్ట్‌వేర్‌లోని మూడు బిందువుల పద్ధతి వాడండి, ఆకాశంలో ఎక్కడ చూసినా పని చేస్తుంది. అంత కిందున్న ధ్రువం గాలి వక్రీభవనం వల్ల 3 ఆర్క్ మినిట్ల (డిగ్రీలో 60వ వంతు ఒక ఆర్క్ మినిట్) దాకా పైకి లేచినట్టు కనిపిస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో రిఫ్రాక్షన్ సవరణ ఉంటే ఆన్ చేయండి. తప్పు 2 ఆర్క్ మినిట్లలోపు వస్తే ఆపేయండి. ఇంకా తగ్గించాలని కూర్చుంటే ఆ సమయం ఎక్స్‌పోజర్లదే.

కెమెరా దూరం, ఫోకస్

ఫ్లాటెనర్ వెనక అంచు నుంచి సెన్సరు దాకా ఉండాల్సిన దూరం చాలావాటికి 55 మి.మీ. కెమెరా లోపలి దూరం 17.5, స్పేసర్లు 16.5, 21 కలిపితే సరిగ్గా 55. మధ్యలో ఫిల్టరు పెడితే దాని మందంలో మూడో వంతు కలపాలి, 2 మి.మీ. ఫిల్టరుకు 55.7 అవుతుంది. మూలల్లో నక్షత్రాలు మధ్యనుంచి బయటికి గీసినట్టు సాగితే సెన్సరు మరీ దగ్గరగా ఉన్నట్టు. మధ్య చుట్టూ తిరుగుతున్నట్టు సాగితే దూరం ఎక్కువైనట్టు. అర మి.మీ. చొప్పున మార్చి చూడండి. ఒక్క మూల మాత్రమే పాడైతే అది దూరం తప్పు కాదు, కెమెరా ఓరగా ఉంది. వేలి స్క్రూలతో బిగించే అడాప్టరు తీసేసి మరతో బిగించేది వాడండి.

3.76 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న ఏపీఎస్-సీ కెమెరాతో ఈ గొట్టం ఒక్కో పిక్సెల్‌కు 1.41 ఆర్క్ సెకన్లు (ఆర్క్ మినిట్‌లో 60వ వంతు ఒక ఆర్క్ సెకను), మొత్తం 2.4 డిగ్రీల వెడల్పు ఆకాశం ఇస్తుంది. ఓరియన్ నెబ్యులా, కృత్తికలు దర్జాగా పడతాయి. ఆండ్రోమెడా గెలాక్సీ అంచులు కొంచెం తెగుతాయి.

ఎఫ్ 5.5లో (550ని 100తో భాగిస్తే వచ్చేది) పదునైన ఫోకస్ ఉండే మేర 0.08 మి.మీ. మాత్రమే. బహ్టినోవ్ మాస్క్ (ఫోకస్ చూసుకోవడానికి లెన్సు ముందు పెట్టే చీలికల పలక) పెట్టి, మూడు గీతల్లో నడిమిది సరిగ్గా మధ్యకు వచ్చేదాకా తిప్పి, మాస్క్ తీయడం మరచిపోకండి. రాత్రి చల్లబడుతున్నకొద్దీ గొట్టం కుదించుకుంటుంది. మొదటి మూడు గంటలు గంటకోసారి, తర్వాత ఉష్ణోగ్రత 1న్నర డిగ్రీ మారినప్పుడల్లా మళ్లీ ఫోకస్ చేయండి.

కూలర్‌కు అతి ఆశ పెట్టుకోవద్దు. చాలా కెమెరాలు చుట్టూ ఉన్న గాలికన్నా 35 డిగ్రీలు మాత్రమే దించగలవు. జనవరిలో మైనస్ 10 పెట్టండి, ఏప్రిల్‌లో 0 చాలు. మరీ దించితే కూలర్ నూరు శాతం మీద ఉండి ఉష్ణోగ్రత నిలకడ తప్పుతుంది, సెన్సరు గాజు మీద మంచుపువ్వు కూడా పూస్తుంది. పూసిందంటే కెమెరా లోపలి డెసికెంట్ (తేమ పీల్చే) మాత్రలు మార్చే సమయం వచ్చినట్టు.

గైడింగ్, ఎక్స్‌పోజర్లు

పీహెచ్‌డీ2లో (గైడింగ్ నడిపే సాఫ్ట్‌వేర్) కాలిబ్రేషన్ ఖగోళ మధ్యరేఖకు దగ్గరగా, దక్షిణం వైపు ఎత్తులో ఉన్న నక్షత్రం మీద చేయండి. గైడ్ ఎక్స్‌పోజరు 2 సెకన్లు. మొత్తం తప్పు 1 ఆర్క్ సెకనులోపు ఉంటే ఈ గొట్టానికి చాలు. 26 డిగ్రీల ఎత్తులో ఒమేగా సెంటారీ తీసేటప్పుడు గాలి మందం వల్ల ఇంకాస్త పెరుగుతుంది, దానికి మౌంట్‌ను నిందించకండి.

ఊరి వెలుతురులో రంగు కెమెరాతో ఒక్కోటి 60 నుంచి 90 సెకన్లు, చీకటి గట్టు మీద 180. హైడ్రోజన్, ఆక్సిజన్ వెలుగును మాత్రమే వదిలే డ్యూయల్ నారోబ్యాండ్ ఫిల్టరుతో 300 సెకన్లు. ఊళ్లోని డాబా మీదనుంచి రోజెట్ నెబ్యులా రావాలంటే ఈ ఫిల్టరే దారి. గెలాక్సీలకు, గుచ్ఛాలకు మాత్రం ఇది పెట్టకండి, వాటి వెలుగునూ మింగేస్తుంది. ఒకే వస్తువు మీద మూడు గంటలు కూడబెట్టండి. ఒక రాత్రిలో ఐదు వస్తువులు తీస్తే ఐదూ గరుకుగానే మిగులుతాయి.

జనవరిలో ఓరియన్ నెబ్యులా, కృత్తికలు. మార్చి మొదట్లో అర్ధరాత్రికి దక్షిణాన 14 డిగ్రీల ఎత్తులో ఈటా కరీనా నెబ్యులా, దానికి అడ్డులేని దక్షిణ దిక్కు కావాలి. ఏప్రిల్ నడుమ అర్ధరాత్రికి ఒమేగా సెంటారీ, దానికి కాస్త పైన సెంటారస్ ఏ గెలాక్సీ. మార్చి, ఏప్రిల్ వేకువల్లో ధనుస్సు వైపు పాలపుంత నడిబొడ్డు 45 డిగ్రీల దాకా లేస్తుంది.

కంటితో చూడటానికి మూడు ఐపీసులు చాలు: 24 మి.మీ. ఇచ్చేది 23 రెట్లు, 10 మి.మీ. 55 రెట్లు, 4 మి.మీ. 137 రెట్లు. గాలి నిశ్చలంగా ఉన్న రాత్రి శని వలయాల నడుమ కాసిని చీలిక చివరిదానిలో కనబడుతుంది. పని లేని ఐపీసు జేబులో వెచ్చగా ఉంచుకోండి, బయట వదిలితే మీ ఊపిరికే మసకబారుతుంది. పగలు ముందు లెన్సు మీద సోలార్ ఫిల్టరు లేకుండా గొట్టాన్ని సూర్యుడి వైపు తిప్పొద్దు, కన్ను క్షణంలో పోతుంది.

తెల్లవారాక

ఫోకస్, కెమెరా కోణం కదపకుండానే ఫ్లాట్లు (ధూళి మచ్చలు, అంచుల చీకటి సరిచేయడానికి వాడే ఫొటోలు) తీయండి. తెల్లటి పల్చని బట్ట ముడత లేకుండా కప్పి, వెలుతురొస్తున్న ఆకాశం వైపు, సూర్యుడికి ఎదురు దిక్కున 30 ఫ్రేములు. వెలుగు కొలత 65,535లో 25,000 నుంచి 30,000 మధ్య ఉండాలి. తర్వాత మూత పెట్టి, అదే ఉష్ణోగ్రత, అదే ఎక్స్‌పోజరుతో 30 డార్కులు (కెమెరా గరుకును తీసేయడానికి వాడే చీకటి ఫొటోలు), ఫ్లాట్ల ఎక్స్‌పోజరుతో మరో 30. ఫొటోలన్నీ కలపడానికి సిరిల్ సాఫ్ట్‌వేర్ ఉచితం, మొదట దానితోనే నేర్చుకోండి.

తడిగా ఉన్న లెన్సుకు మూత పెట్టారంటే బూజును చేతులారా పెంచినట్టే. గొట్టాన్ని గదిలో అడ్డంగా పెట్టి, ఎండ తగలని గోడ వైపు తిప్పి, మూత తీసి, హీటర్ సన్నగా పెట్టి అరగంట ఆరనివ్వండి. ఫ్యాను గాలి నేరుగా లెన్సు మీదికి తిప్పితే ధూళి అంటుతుంది, పక్కకు తిప్పండి. మౌంట్ లోహాన్ని నీటిలో తడిపి పిండిన బట్టతో తుడిచి, వెంటనే పొడిబట్టతో తుడవండి, ఉప్పు పోతుంది.

దాచే పెట్టెలో తేమ 40, 50 శాతం మధ్య ఉండాలి. చిన్న హైగ్రోమీటరు లోపలే పెట్టండి. రంగు మారే సిలికాజెల్ అర కిలో వాడండి. రంగు మారాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. నీలంరంగు రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, వంట పాత్రల్లో వేడిచేయకండి. బియ్యం పోసి ఉంచే పద్ధతి వద్దు, పిండి ధూళి లెన్సు చేరుతుంది. వర్షాకాలంలో వాడకపోయినా పదిహేను రోజులకోసారి పెట్టె తెరిచి, లెన్సు మీద పక్కనుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనబడితే బూజు మొదలైంది. ముందు గాజు మీది ధూళిని రబ్బరు బ్లోయర్‌తో ఊది, అప్పటికీ ఉంటే లెన్సు టిష్యూ మీద రెండు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాలు వేసి, నొక్కకుండా, మధ్యనుంచి అంచుకు ఒకే సారి లాగండి, ప్రతి లాగుడుకూ కొత్త టిష్యూ. బూజు లోపలి గాజుల మధ్య ఉంటే లెన్సు సెల్ మీరు విప్పొద్దు. మూడు లెన్సుల ఎడం, కోణం కర్మాగారంలో కొలిచి పెట్టినవి, విప్పితే తిరిగి ఇంట్లో కుదరవు. బూజు వదిలే ఆమ్లం పూతను తినకముందే సర్వీసుకు పంపండి.